రేవు దారిలో ఒంటి బ్రాహ్మడు

ఒకానొక రాజ్యంలో, సముద్రం కెరటాలు కోట గోడ దాకా వినిపించే ఊళ్ళో, వీరకంఠీరవ భూపతి అనే రాజు ఉండేవాడు. ఆ ఊరి పేరు తరంగపురం. రాజుగారి పేరు ఎత్తే ముందు బిరుదులన్నీ చదవాలి. అవి చదవడం పూర్తయ్యేసరికి, మనవి చేసుకోవడానికి వచ్చినవాడికి తాను ఏ పని మీద వచ్చాడో గుర్తుండేది కాదు. అందుకే తన రాజ్యంలో ఫిర్యాదులు బొత్తిగా లేవని రాజుగారు తెగ మురిసిపోయేవారు.

ఆ వంశానికి ఒక ఆచారం ఉండేది. రాజు కోట గడప దాటి ముఖ్యమైన పని మీద బయల్దేరాలంటే మంచి ఎదురు రావాలి. అంటే ఆ వేళకు శుభశకునమైన మనిషి ఎవరైనా దారిలో ముఖాముఖి నడిచి రావాలన్నమాట. నిండు బిందెతో ముత్తైదువ వస్తే శ్రేష్ఠం. ఉతికిన బట్టల మూటతో చాకలి వస్తే ఇంకా మంచిది. పూలబుట్ట అయినా, పాలకుండ అయినా సరే. కబురు పెట్టి రప్పించిన శకునం మాత్రం పనికిరాదు, దానంతట అది రావాలి.

ఒంటి బ్రాహ్మడు ఎదురైతే ఇక పని చెడినట్టే. ఇద్దరు కలిసి వస్తే దోషం లేదట. ఒక్కడు వస్తేనే తంటా. ఈ లెక్క ఎవరు కట్టారో తెలియదు గానీ, కట్టినవాడికి తోడు దొరక్క తిరిగిన రోజు ఒక్కటీ ఉండి ఉండదు.

ఆ లెక్క వచ్చి పేరిభట్టు నెత్తిన పడింది.

పేరిభట్టు కొలువులో మాటకారి. భోజనమయ్యాక రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. కానీ పక్కింట్లో పురోహితుడు నరసావధాని ఉండేవాడు. ఇద్దరూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. రోజూ పొద్దున్నే ఇద్దరూ జంటగా రేవు దారి మీదుగా కోటకు నడిచేవాళ్ళు. ఒకడికి తల నొప్పిగా ఉంటే రెండోవాడు కూడా ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఒంటరిగా బయల్దేరి ఊళ్ళోవాళ్ళ పనులు చెడగొట్టడం ఎందుకని.

అంతా బాగానే ఉండేది. ఇంతలో శంఖద్వీపం దొరలు వచ్చి రేవులో సరుకులు దించి అమ్ముకునే కోఠీ కట్టారు.

మొదట బట్టలు తెచ్చారు. చౌక, పైగా రంగు పోదు. ఊళ్ళో మగ్గాలు ఆగిపోయాయి. తర్వాత నూనె తెచ్చారు, గానుగెద్దులు ఊరికే నిలబడ్డాయి. తర్వాత కుండలు, గొడుగులు, చివరికి పూసల దండలు కూడా ఓడల్లోనే దిగాయి. పని పోయి అరుగుల మీద కూర్చున్న జనానికి ఆ కోఠీ పెద్ద బార్తేలు దొరే మళ్ళీ దారి చూపించాడు. "మా దీవిలో మిరియపు తోటలున్నాయి. రండి, పని ఇస్తాం" అన్నాడు.

వెళ్ళాలంటే ఎలా వెళ్ళాలో ఎవరికి తెలుసు? అందుకని కొండప్ప అనేవాడు రేవులో ఓడసాయం కొట్టు తెరిచాడు. ఓడలో చోటు చూపిస్తాడు, అవతల దిగాక ఎవరిని కలవాలో చెబుతాడు, అక్కడి భాషలో 'ఆకలేస్తోంది', 'ఒంట్లో బాగాలేదు' అనే రెండు మాటలు నేర్పిస్తాడు. ఊరికే కాదు. ఆవు ఉన్నవాడు ఆవును ఇవ్వాలి, కమ్మలు ఉన్నావిడ కమ్మలు ఇవ్వాలి. ఏమీ లేనివాడు అవతల కొన్నేళ్ళు కట్టుబడి చాకిరీ చెయ్యాలి. సాయానికి వెల కట్టడం ఆ ఊళ్ళో అదే మొదలు. కొండప్ప ఇటు జనం దగ్గరా, అటు దొర దగ్గరా రెండు చేతులా అందుకున్నాడు. అందులో ఖజానాకు కూడా వాటా పోయేది గనక రాజుగారు అతనికి శాలువా కప్పారు.

ఒక్కొక్క వీధే ఖాళీ అయింది. పెళ్ళిళ్ళు లేవు, వ్రతాలు లేవు, పిలిచేవాళ్ళు లేరు. నరసావధాని ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైంది. పేరిభట్టు తన బియ్యంలోంచి సగం పంపిస్తే అవధాని తీసుకునేవాడు కాదు. మొండిఘటం. చివరికి మిరియపు తోటల్లో వంటవాడిగా వెళ్ళడానికి కొండప్పకు కొన్నేళ్ళ చాకిరీ కట్టుబాటు రాసిచ్చాడు. సముద్రం దాటితే పాపమని జీవితమంతా ఊరికి చెప్పిన మనిషి! ఓడెక్కే రోజు పడవ దగ్గర నిలబడి కాళ్ళు కదలక బిక్కమొహం వేశాడు.

"కళ్ళు మూసుకుని ఎక్కరా" అన్నాడు పేరిభట్టు. "చూడకపోతే దాటినట్టు కాదు."

అవధాని నవ్వాడు. నవ్వుతూనే మొలలోంచి ఇంటి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఒరే పేరిగా, సాయంత్రం గడపలో దీపం పెడుతుండు. ఆ ఇల్లుంటే వస్తానురా. ఇల్లే లేకపోతే ఎక్కడికని రాను?"

అని నిజంగానే కళ్ళు మూసుకుని ఎక్కాడు.

ఆ మర్నాటి నుంచి పేరిభట్టు ఒంటి బ్రాహ్మడయ్యాడు. దారిలో ఎవరైనా వస్తుంటే గోడ చాటుకు తప్పుకోవాలి. ముందుగా వాళ్ళు చూస్తే వాళ్ళే సందులోకి తిరిగిపోయేవాళ్ళు. నిన్నటి దాకా "ఏం పంతులుగారూ, ఇవాళ రాజుగారు నవ్వారా?" అని పలకరించినవాళ్ళే. వాళ్ళ తప్పేం ఉంది? పెళ్ళిచూపులకు పోతున్నవాడికీ, పాలమ్ముకోవడానికి పోతున్న ఆవిడకీ పని కావాలి కదా. అతనికి మాత్రం ప్రాణం ఉసూరుమనేది. కోటకు చేరేసరికి నోట్లో చమత్కారాలన్నీ ఎండిపోయేవి.

సాయంత్రం అవధాని ఇంటి గడపలో దీపం పెట్టి, ఆ అరుగు మీదే కూర్చుని, ఆ రోజు కొలువులో అన్న మాటలు తలుపుకు చెప్పేవాడు. ఎంత మంచి మాటైనా తలుపు నవ్వదు కదా.

కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాడు. తాను గోడ చాటుకు తప్పుకోవలసిన అవసరం తగ్గిపోయింది. మొదట హాయిగానే ఉందనుకున్నాడు. ఒక ఉదయం ఇంటి నుంచి కోట దాకా దారి మధ్యలో నడిచి వచ్చినా ఒక్కరికీ అడ్డు కాలేదు. ఆ రోజు అతనికి భయం వేసింది.

ఇలా ఉండగా ఒకనాడు బార్తేలు దొర కొలువుకు వచ్చాడు. వస్తూ వస్తూ నిలువెత్తు అద్దం ఒకటి మోయించుకొచ్చాడు. రాజుగారు అందులో తన మీసం చూసుకుని, పక్కకు తిరిగి చూసుకుని, మళ్ళీ ఎదురుగా చూసుకుని, "ఈ అద్దం చాలా తెలివైనది" అన్నారు.

దొర అడిగింది ఇది: రేవు, రేవు దారి, ఊళ్ళో ఖాళీగా పడివున్న ఇళ్ళు, అన్నీ కోఠీ పేర రాసివ్వాలి. ఇళ్ళు కొట్టేసి గిడ్డంగులు కట్టుకుంటారు. బదులుగా ఏటా ఇలాంటి కానుకలు పంపిస్తారు.

"దానికేం భాగ్యం!" అన్నారు రాజుగారు. "సిద్ధాంతిగారూ, ముహూర్తం చూడండి. రేవులో దొరగారి ఓడ మీదనే ముద్ర వేస్తాను."

ఖాళీ ఇళ్ళు అన్న మాట వినగానే పేరిభట్టు చెయ్యి మొలలో ఉన్న తాళంచెవి మీదికి పోయింది. ఇల్లుంటే వస్తానురా అన్న మాట చెవిలో గింగురుమంది. ఉన్నపళాన లేచాడు.

"మహారాజా, పోయినవాళ్ళు తిరిగొస్తే ఎక్కడుంటారు?"

"తిరిగెందుకొస్తారు?"

"ఇల్లు గుర్తొచ్చి."

దొర నవ్వాడు. రాజుగారు కూడా నవ్వారు. "ఏమయ్యా, నవ్వించడం మానేసి ఏడిపించడం మొదలుపెట్టావేం? పోయినవాళ్ళెవరు? పనిలేనివాళ్ళు. వాళ్ళు లేకపోతే నాకేం లోటు? బట్ట దొరగారిస్తున్నారు, నూనె దొరగారిస్తున్నారు, గొడుగు దొరగారిస్తున్నారు."

"అన్నీ ఆయనే ఇస్తే రేపు ఆయన ఇవ్వనన్న రోజున మనం..."

"ఆపు!" అన్నారు రాజుగారు. మీసం మీద చెయ్యేశారంటే పంతం పట్టారన్నమాట. "ఒక పందెం. వీరకంఠీరవుడికి అవసరమైన మనిషి ఒక్కరైనా ఈ ఊళ్ళో కరువయ్యారని చూపించు. పత్రం నా చేతులతో చించేస్తాను. చూపించలేకపోయావో, నువ్వు కూడా ఓడెక్కాలి. కొండప్పకు ఇవ్వవలసింది నేనే ఇస్తాలే."

కొలువంతా ఘొల్లుమంది. కొలువంతా అంటే ఎంతమంది, సగం పీటలు ఖాళీయే. అయినా ఉన్నవాళ్ళు గట్టిగానే నవ్వారు.

పేరిభట్టు నవ్వలేదు. చేతులు జోడించాడు.

"ఒప్పుకున్నాను మహారాజా. ఒక్క మనవి. ఆ రోజు తమరు బయల్దేరేటప్పుడు తాతల నాటి మర్యాద ఏదీ లోపం కాకూడదు. దొరగారి ముందు మన పద్ధతి పలచనైపోతే నాకు సిగ్గుచేటు."

"వీరకంఠీరవుడికి మర్యాద నేర్పుతున్నావా? బూరా, భేరీ, శకునం, ఒక్కటీ తగ్గదు!"

రాజుగారు కోట దాటి బయటికి వచ్చి అప్పటికి చాలా కాలమైంది. దొర ఇచ్చిన గడియారానికి కీ ఇవ్వడం, గంట కొట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టడం, వీటితోనే వారికి పొద్దు సరిపోయేది. రేవు దారి ఎలా ఉందో వారికేం తెలుసు?

ముహూర్తం ముందురోజు సాయంత్రం పేరిభట్టు అవధాని ఇంట్లో దీపం పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. "రేపు ఓడిపోతే నీ దగ్గరికే వస్తానురా నరసా" అన్నాడు తలుపుతో. "కలిసి ఉంటాం, అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇద్దరికీ ఇల్లుండదు. ఏ గడపలోనూ దీపం ఉండదు." చెంగుతో కళ్ళు తుడుచుకుని లేచాడు.

ఇంతకు ముందు రాజుగారు బయల్దేరే రోజున ఒక భటుడు వచ్చి, "పంతులుగారూ, ఇవాళ ఒంటిగా గడప దిగకండి" అని చెప్పిపోయేవాడు. ఈసారి ఎవరూ రాలేదు. ఆ భటుడు కూడా ఓడెక్కాడు.

తెల్లవారగానే పేరిభట్టు రేవు దారి మలుపులో, పాత సుంకం మంటపం పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కోట గుమ్మం కనిపిస్తుంది గానీ మాటలు వినిపించవు. అక్కడ ఏమనుకున్నారో తర్వాత కాపలావాడు పూసగుచ్చినట్టు చెప్పాడు గనక మనకు తెలిసింది.

గుమ్మంలో బూరలు ఊదారు. బిరుదులు చదివారు. రాజుగారు జరీ పాగాతో, గడపకు ఇవతల కుడికాలు ఎత్తబోతూ నిలబడ్డారు. పక్కన సిద్ధాంతి పంచాంగంతో, వెనక పల్లకీతో మిగిలిన ఇద్దరు బోయీలు.

"ఎదురు చూడండి" అన్నారు రాజుగారు.

చూశారు. దారి నున్నగా, ఖాళీగా ఉంది.

కాసేపటికి కోట పక్క సందుల్లోంచి జనం వచ్చారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు.

"అరుగో!" అన్నారు రాజుగారు.

"జనమే ప్రభూ" అన్నాడు సిద్ధాంతి. "కానీ అటు పోతున్నారు. ఇవాళ ఓడ ఉంది కదా."

రాజుగారికి కనిపించినవన్నీ వీపులే. ఒక ముసలావిడ ఆగి వెనక్కి తిరిగి కోటను చూసింది. రాజుగారు ఆశగా పాదం లేపారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ అటే నడిచింది.

"వాళ్ళను ఇటు తిరగమనండి!"

"తిప్పితే శకునం కాదు ప్రభూ."

ఎండెక్కింది. పాగా కింద చెమట పట్టింది. "పోలమ్మ ఏది?" అన్నారు రాజుగారు ఉన్నట్టుండి. "నా చిన్నతనం నుంచీ ఈ వేళకు చాకలి పోలమ్మ ఏటి నుంచి మూటతో వస్తుంది కదా!"

కాపలావాడు తల గోక్కున్నాడు. "పోలమ్మ వానలకు ముందే మొగుడితో ఓడెక్కింది ప్రభూ."

"మరి నా బట్టలు?"

"కొత్తవి కోఠీ నుంచి వస్తున్నాయి ప్రభూ."

"పాతవో?"

"పోగుపడుతున్నాయి."

పాలు తెచ్చే మంగమ్మ? ఓడెక్కింది. పూలు తెచ్చే ముసలయ్య? కొడుకుతో పాటు ఓడెక్కాడు. నీళ్ళ బిందెలతో వచ్చే ఆడవాళ్ళు? మూడు వీధులకూ కలిపి ఒక్క బావి, ఆ మూడు వీధులకూ తాళాలే.

అప్పుడు రేవు వైపు నుంచి దుమ్ము లేచింది. అందరి ముఖాలూ వెలిగాయి. తీరా చూస్తే బార్తేలు దొర. రాజు రాలేదని విసుగెత్తి, గుమస్తాలను వెంటేసుకుని వస్తున్నాడు. నెత్తిన టోపీలు.

"ఎదురే కదా! ఫలితం చెప్పండి!" అన్నారు రాజుగారు.

సిద్ధాంతి పంచాంగం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "టోపీవాడు ఎదురైతే ఏమవుతుందో ఇందులో లేదు ప్రభూ. మంచని చెప్పలేను, చెడ్డని చెప్పలేను."

సంగతి విని దొర పెద్దగా నవ్వాడు. "ఇంతేనా? కుండ తెప్పించండి, నేనే నెత్తిన పెట్టుకుని వస్తాను."

"ముత్తైదువ కావాలి దొరా" అన్నాడు సిద్ధాంతి.

"అంటే ఎవరు?"

"పోయిన ఓడలో తమరు ఎక్కించి పంపిన ఆవిడ" అన్నాడు కాపలావాడు, ఎవరూ అడక్కుండానే.

మలుపు దగ్గర పేరిభట్టు ఇదంతా కళ్ళతో చూస్తూనే ఉన్నాడు. ఒక్క బిందె, ఒక్క మూట, ఒక్క పూలబుట్ట కనిపించిందంటే తన పందెం పోతుంది, అవధాని ఇల్లు పోతుంది. అయినా ఆ ఖాళీ దారిని అంతసేపు చూసేసరికి, ఎవరైనా వస్తే బాగుండునని మనసు కొట్టుకుంది. ఓడిపోయినా సరే, ఎవరో ఒకరు మన ఊరివాళ్ళు ఈ దారిలో ఇటు నడిచి వస్తే చాలనిపించింది.

ఎవరూ రాలేదు. ముహూర్తం దాటిపోయే వేళైంది. అతను అంగవస్త్రం సర్దుకుని దారి మధ్యలోకి వచ్చి కోట వైపు నడిచాడు.

దూరం నుంచి మనిషి ఆకారం చూసి రాజుగారు కేరింతలు కొట్టారు. "వస్తున్నారు! ఎవరో వస్తున్నారు! భేరీ మోగించండి!" భేరీ మోగింది. రాజుగారు కుడికాలు ఎత్తారు. ఆకారం దగ్గరైంది. పిలక కనిపించింది. భేరీ వాయించేవాడి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"పేరిభట్టూ!" రాజుగారు గర్జించారు. "ఒంటి బ్రాహ్మడివి! ఈ వేళ నాకు ఎదురొస్తావా? ఒళ్ళు తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను మహారాజా. జంటగానే వద్దామనుకున్నాను. నా జంట ఓడెక్కాడు."

"అయితే పక్క సందులోంచి రావలసింది! ఎవరైనా కనిపిస్తే తప్పుకోవలసింది!"

"తప్పుకుందామనే చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తప్పుకోవడానికి ఒక్కరూ ఎదురు రాలేదు." అంటూ వెనక్కి తిరిగి ఆ ఖాళీ దారిని చూపించాడు. "నన్ను చూసి ముఖం తిప్పుకుంటారని ఈ ఊరివాళ్ళ మీద నాకు కోపంగా ఉండేది మహారాజా. ఇప్పుడు ముఖం తిప్పుకోవడానికైనా మనిషి లేడు."

భేరీవాడు చేతిలో కర్ర కిందికి దించాడు. సముద్రం హోరు వినిపించింది.

"తమకు అవసరమైన మనిషి కరువయ్యారని చూపించమన్నారు" అన్నాడు పేరిభట్టు. "పొద్దుటి నుంచి తమరు వెతుకుతున్నది ఎవరి కోసం? బట్ట దొరగారిచ్చారు, నూనె దొరగారిచ్చారు. గడప దాటడానికి మాత్రం ఈ వేళకు మూటతో వచ్చే పోలమ్మే కావాలి. ఆవిణ్ణి ఏ ఓడలో దింపుతారు?"

రాజుగారు ఎత్తిన కాలు ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని మెల్లగా, గడపకు ఇవతలే దించారు. ఖాళీ దారిని ఒకసారి చూశారు. ఎప్పుడూ లేనిది నెమ్మదిగా అడిగారు. "పేరిభట్టూ, రేపెప్పుడో నేను పోతే, చివరికి నలుగురైనా ఉంటారా?"

సిద్ధాంతి చెవులు మూసుకున్నాడు. "శివశివా!"

"బిరుదులు చదివేవాడు ఉన్నాడు మహారాజా" అన్నాడు పేరిభట్టు. "మోసేవాళ్ళే ఓడెక్కారు."

రాజుగారు అతని ముఖంలోకి చూశారు. మీసం కదిలింది, ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. జరీ పాగా జారిపోయేలా నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. అన్నీ నవ్వు నీళ్ళేనని కాపలావాడు మాత్రం చెప్పలేదు.

"చాకలామె రాలేదని చక్రవర్తి గుమ్మంలో కాలెత్తుకుని నిలబడ్డాడు! కొంగలా!" అంటూ గుమస్తా చేతిలోని పత్రం అందుకుని నిలువునా చించేశారు.

దొర ముఖం ఎర్రబడింది. "ఒక మనిషి ఎదురొచ్చాడని వ్యాపారం ఆపేస్తారా రాజా?"

"వచ్చాడని కాదు దొరా" అన్నారు రాజుగారు. "రాలేదని."

ఆ మాటకు పేరిభట్టే ముందు తలవంచి నమస్కరించాడు. రాజుగారు జీవితంలో అన్న మొదటి మంచి మాట అదేనని ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ అంటారు.

ఇక బహుమానం. రాజుగారు హుషారులో ఉన్నారు. "ఆ నిలువుటద్దం పట్రండి! పేరిభట్టూ, ఇది నీకే. దీన్ని పక్కన మోయించుకుని తిరిగావంటే ఎప్పుడూ ఇద్దరు బ్రాహ్మలే కనిపిస్తారు. దోషం ఉండదు!"

అందరూ పగలబడి నవ్వారు. పేరిభట్టూ నవ్వాడు. అద్దంలో తన పక్కన చూసుకున్నాడు. పక్కన ఎవరూ లేరు, ఉన్నది తానే. నవ్వు మధ్యలోనే ఆగింది.

"అద్దంలోవాడు నేనన్నదే తిరిగి నాకు చెబుతాడు మహారాజా. నాకు తెలియని కబురు ఒక్కటీ చెప్పడు. వేరే అడగనా?"

"అడుగు."

"కొండప్ప ఓడెక్కించడానికి సాయం చేస్తాడు గానీ మళ్ళీ ఇక్కడ దింపడానికి చెయ్యడు. పోవడానికి ఇచ్చిందే రావడానికీ సరిపోవాలి. తిరిగి వస్తామన్నవాళ్ళను కోఠీ ఓడలు ఎక్కించుకు రావాలి. వాళ్ళు వచ్చేదాకా ఏ ఇల్లూ కూలకూడదు. ఆ ఇళ్ళ గడపల్లో దీపానికి నూనె దివాణం ఇవ్వాలి, అదీ మన గానుగ నూనె."

"అంతేనా? నీకేమీ అక్కర్లేదా?"

"అదే నాకు మహారాజా."

రాజుగారు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు, కాదన్న ఓడకు రేవులో చోటు లేదన్నారు. మెళ్ళో ముత్యాల హారం తీసి అతని మెళ్ళో వేశారు. దొర గొణుక్కుంటూ వెళ్ళాడు. వ్యాపారం మానలేదు లెండి, ఏ దొర మానాడు గనక! కానీ రేవు ఊరి పేరనే ఉండిపోయింది. ఊళ్ళో ఒక గానుగెద్దు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

ఆ మీదట ఓడ వచ్చిన ప్రతిసారీ పేరిభట్టు రేవు దారిలో నడిచి వెళ్ళేవాడు. మొదటి ఓడలో ఎవరూ దిగలేదు. రెండో ఓడలో మిరియాలు దిగాయి. అతను మలుపు దగ్గర నిలబడి, దారి ఖాళీ అయ్యేదాకా చూసి, ఇంటికి వెళ్ళి దీపం పెట్టుకునేవాడు. గెలిచినవాడి ఇల్లు ఓడినవాడి ఇంటిలాగే నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

మరో ఓడ వచ్చిన రోజున, మలుపు తిరగ్గానే ఎదురుగా మనుషులు కనిపించారు. నలుగురైదుగురు. చిక్కిపోయి, నల్లబడి ఉన్నారు. అందరికంటే ముందు నెత్తిన మూటతో ఒక ఆడమనిషి. పేరిభట్టు అలవాటు చొప్పున గోడ చాటుకు జరిగాడు.

"ఏటి పంతులుగోరూ, దాక్కుంటన్నారు?"

పోలమ్మ! అతను ఇంకా గోడకు ఆనుకునే ఉన్నాడు. "ఒంటిగా ఉన్నానే పోలమ్మా. పక్క సందులోంచి వెళ్ళు. ఇన్నాళ్ళకు ఊళ్ళోకొస్తున్నావు, నా ఎదురెందుకు?"

పోలమ్మ పక్కకు తిరగలేదు. తిన్నగా నడిచి వచ్చి అతని ముందు నిలబడింది. "ఆ దీవిలో ఎదురొచ్చినోళ్ళంతా ఎవరో, ఏటో. ఒక్క మొగం ఎరుగున్నది నేదు బాబూ. దూరం కాణ్ణించి మీ పిలక కనిపించింది, ఊరొచ్చేసినాననుకున్నాను" అంది. అని అక్కడే, దారి మధ్యలో, భోరుమంది.

పేరిభట్టు ఆమె ఏడుపు ఆగేదాకా నిలబడ్డాడు. అప్పుడు ఆమె మొగుణ్ణీ, మిగతావాళ్ళనూ దాటి దారి చివరిదాకా చూశాడు.

"అవధానిగోరు రానేదు" అంది పోలమ్మ. "మేం నా కమ్మలిచ్చి ఎల్లినోళ్ళం. ఆరిది కట్టుబాటు, అది తీరేదాకా ఒగ్గరంట. ఓడ కాడికి వచ్చి ఒకటే అడగమన్నారు, గడపలో దీపం ఎలుగుతందా అని."

పేరిభట్టు తల ఊపాడు. కాసేపటికి ఆమె నెత్తి మీది మూట అతని కంటబడింది.

"పోలమ్మా, ఆ బట్టలు ఉతికినవేనా?"

"అదేటి ప్రెశ్న! ఓడలో ఉప్పునీళ్ళతోనే ఉతికినాను. మాసిన గుడ్డల్తో ఊళ్ళోకొస్తానా? ఎందుకడిగినారు?"

"ఏం లేదు" అన్నాడు పేరిభట్టు. "ఉతికినవైతే మంచి శకునం."

వాళ్ళంతా ఊళ్ళోకి నడిచారు. పేరిభట్టు వెనకాలే వెళ్ళి అవధాని ఇంటి తాళం తీశాడు. ఆ సాయంత్రం దీపంలో నూనె కొంచెం ఎక్కువే పోశాడు. తరంగపురంలో ఆ దీపం తర్వాత ఎన్నాళ్ళు వెలిగిందో చెప్పినవాళ్ళు లేరు గానీ, ఆరిపోయిందని చెప్పినవాళ్ళు కూడా ఎవరూ లేరు.